బదిలీ అయినా తెగని గీత: జావాస్క్రిప్ట్‌తో మన లక్ష్యాల గ్రాఫు



కొత్త నోటు పుస్తకం మొదటి పేజీలో మనలో చాలామందిమి ఒక తీర్మానం రాసుకుంటాం. రోజూ నాలుగు పేజీలు తెలుగు చదవాలి, వారానికో ఉత్తరం అమ్మమ్మకు తెలుగులోనే రాయాలి, రోజుకు పది లెక్కలు చెయ్యాలి. నెలా రెండు నెలలు బండి బాగానే నడుస్తుంది. అంతలో నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తుంది. పుస్తకాలు ట్రంకు పెట్టెలో అడుగుకు పోతాయి. కొత్త ఊళ్ళో క్వార్టర్స్ దొరికి, బళ్ళో చేరి, పెట్టె విప్పేసరికి మూడు వారాలు గడిచిపోతాయి. అప్పుడు ఆ మొదటి పేజీ చూసి, "ఇక నా వల్ల కాదులే" అనుకుని మూసేస్తాం.

మిగతా పాఠాలకు కొత్త బళ్ళోనూ టీచర్లు ఉంటారు. తెలుగుకు ఉండకపోవచ్చు. కాబట్టి బదిలీల మధ్య తెలుగు నిలబడాలంటే ఆ బాధ్యత ఎక్కువగా మన చేతిలోనే ఉంటుంది. మేమూ బదిలీల మీద తిరిగే వాళ్ళమే. ఊరు మారిన ప్రతిసారీ మేము గమనించింది ఒకటే: ఆ ఇరవై రోజుల విరామం చదువును అంతగా చెడగొట్టదు. విరామం తరువాత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడమే చెడగొడుతుంది.

ఆ "ఎక్కడ" అన్నదాన్ని కంటికి చూపించే పనిముట్టును ఈ పాఠంలో మనమే తయారు చేసుకుందాం. అది ఒక గ్రాఫు. అందులో ఒక గీత మనం చేరవలసిన దారిని చూపుతుంది, చుక్కలు మనం నిజంగా చేసిన పనిని చూపుతాయి. చుక్కను తాకితే ఆ రోజు సంగతి చెబుతుంది. బదిలీ వస్తే గీతను మలచవచ్చు, కానీ గడిచిన చుక్కలను చెరపలేం. దీనికి డబ్బు ఖర్చు లేదు, ఖాతా తెరవనక్కర లేదు, తయారయ్యాక ఇంటర్నెట్ కూడా అక్కర లేదు. ఎనిమిదో తరగతి దాటినవారు సొంతంగా చెయ్యగలరు. చిన్నవారు అక్కనో అన్ననో పక్కన కూర్చోబెట్టుకోండి.

గీతల గ్రాఫు, దాన్ని గీసే భాష

కాలంతో పాటు ఒక అంకె ఎలా మారిందో గీతగా గీసి చూపే పద్ధతిని పుస్తకంలో ప్రచురించి పేరు పొందినవాడు విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండ్ దేశీయుడు. ఆ పుస్తకం 1786లో వచ్చింది. ఇంగ్లండు ఎగుమతులు, దిగుమతులు ఏటేటా ఎలా పెరిగాయో అందులో గీతలుగా చూపించాడు. అంకెల పట్టిక చదవడానికి ఓపిక కావాలి. గీత ఎక్కుతోందో దిగుతోందో చూడటానికి ఒక్క చూపు చాలు.

మనం వాడబోయే జావాస్క్రిప్ట్ 1995లో పుట్టింది. నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న బ్రెండన్ ఐక్ దాని మొదటి రూపాన్ని పది రోజుల్లో తయారు చేశాడు. ఈనాడు ప్రతి బ్రౌజరుకూ ఆ భాష తెలుసు. అందుకే మనం కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యనక్కర లేదు. నోట్‌ప్యాడ్, ఒక బ్రౌజరు ఉంటే చాలు.

తెలుగు పిల్లలకు సంతోషం కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. జావాస్క్రిప్ట్‌లో మనం పెట్టుకునే పేర్లు తెలుగు అక్షరాల్లోనే ఉండవచ్చు. భాషకు సొంతమైన మాటలు మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. పేరులో ఖాళీ ఉండకూడదు, పేరు అంకెతో మొదలు కాకూడదు. గీత, చుక్కలు, మొదటిరోజు, ఇవన్నీ సరైన పేర్లే. తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే భేదం లేదు కాబట్టి ఇంగ్లీషు పేర్లలో జరిగే ఆ రకం పొరపాటు ఇక్కడ జరగదు. కానీ దీర్ఘం మరిచిపోతే కంప్యూటరు క్షమించదు. "గీత" వేరు, "గిత" వేరు. ఒత్తులు విడగొట్టడానికి కొన్ని కీబోర్డులు కంటికి కనబడని అక్షరం ఒకటి చేరుస్తాయి. అది ఒకచోట ఉండి మరోచోట లేకపోయినా కంప్యూటరు వాటిని రెండు వేరువేరు పేర్లుగా చూస్తుంది. కాబట్టి పేర్లు చిన్నవిగా, తేలికైనవిగా పెట్టుకుందాం.

ఈ పాఠంలో కోడు వరుసలను అలాంటి తెలుగు పేర్లతోనే ఇస్తున్నాం. ప్రతి కొత్త పేరు ముందు "లెట్" అనే మాట ఇంగ్లీషులో రాయడం మంచి అలవాటు. వరుసలు పొడుగవకుండా ఇక్కడ దాన్ని వదిలాం, మీరు చేర్చుకోండి. ఇంగ్లీషు మాటల స్పెల్లింగులు కంప్యూటర్ టీచర్‌ను అడిగి సరిచూసుకోండి.

మొదటి మెట్టు: ఫైలు తయారు చెయ్యడం

నోట్‌ప్యాడ్ తెరిచి మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ చట్రం రాయండి. హెడ్ భాగంలో మెటా ట్యాగు పెట్టి, అక్షరాల పద్ధతి యూటీఎఫ్-8 అని చెప్పాలి. సేవ్ చేసేటప్పుడు కూడా ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. ఇది మరిస్తే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనబడతాయి. ఫైలు పేరు చివర టెక్స్ట్ అని కాక హెచ్‌టీఎంఎల్ అని ఉండాలి.

బాడీ భాగంలో నాలుగు వస్తువులు పెడదాం. ఒకటి, గ్రాఫు గీసుకునే ఎస్‌వీజీ పలక. రెండు, తేదీ ఎంచుకునే పెట్టె. మూడు, ఆ రోజు చదివిన పేజీలు రాసే పెట్టె. నాలుగు, "చేర్చు" అనే బొత్తాం. వీటి కింద, బాడీ ముగిసే ముందు, స్క్రిప్టు ట్యాగు రావాలి. ఎందుకంటే బ్రౌజరు పేజీని పైనుంచి కిందికి చదువుతుంది. స్క్రిప్టు ముందే వస్తే, ఇంకా పుట్టని పలక కోసం వెతికి "లేదు" అంటుంది.

ఫైలును రెండుసార్లు నొక్కితే బ్రౌజరులో తెరుచుకుంటుంది. ఏదైనా పనిచెయ్యకపోతే ఎఫ్12 మీట నొక్కి కన్సోల్ చూడండి. ఏ వరుసలో తప్పుందో ఎర్రని అక్షరాల్లో రాసి ఉంటుంది.

రెండో మెట్టు: లక్ష్యాన్ని అంకెల్లో రాయడం

లక్ష్యం మన చేతిలో ఉన్నదై ఉండాలి. "తెలుగులో 90 మార్కులు" అన్నది పేపరు దిద్దేవారి చేతిలో కూడా ఉంటుంది. "రోజుకు నాలుగు పేజీలు" పూర్తిగా మన చేతిలో ఉంటుంది. పేజీ అంటే ఏమిటో కూడా ముందే రాసిపెట్టుకోవాలి. లేకపోతే వెనకబడిన రోజున పెద్ద అక్షరాల బొమ్మల పుస్తకం తీసి పన్నెండు పేజీలు తిప్పేయాలని మనసు లాగుతుంది. గ్రాఫుకు పేజీల లెక్కే తెలుసు, అర్థమైందో లేదో తెలియదు. ఆ నిజాయితీ మనది.

ఒక అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. 2025 జూలై 1న మొదలుపెట్టి, రోజుకు నాలుగు పేజీల చొప్పున 180 రోజుల్లో 720 పేజీల తెలుగు కథలు చదవాలని అనుకుంది. జూలై 1ని సున్నా రోజుగా తీసుకుంటే 180వ రోజు డిసెంబరు 28 అవుతుంది. గీతను రెండు బిందువులతో చెప్పవచ్చు. ప్రతి బిందువులో మొదటి అంకె రోజు, రెండోది అప్పటికి చేరవలసిన మొత్తం పేజీలు.

గీత = [[0, 0], [180, 720]]

తను నిజంగా చదివిన లెక్కలు కూడా అదే పద్ధతిలో రాస్తాం.

చుక్కలు = [[7, 31], [14, 52], [70, 262]]

మధ్యలో ఇంకా చాలా చుక్కలుంటాయి, మూడే చూపించాం. ఏడో రోజున గీత 28 దగ్గర ఉంటే తను 31 దగ్గర ఉంది, ముందుంది. పద్నాలుగో రోజున గీత 56, తను 52, నాలుగు పేజీలు వెనక. డెబ్భయ్యో రోజున గీత 280, తను 262, పద్ధెనిమిది పేజీలు వెనక.

తేదీని రోజుల అంకెగా మార్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. జావాస్క్రిప్ట్‌లో సంవత్సరం, నెల, రోజు విడివిడి అంకెలుగా ఇస్తే నెలలను సున్నా నుంచి లెక్కపెడుతుంది. జనవరి సున్నా, జూలై ఆరు. కానీ తేదీని "2025-07-01" అని కొటేషన్లలో ఇస్తే 07 అంటే జూలైయే. తేదీ పెట్టె కూడా మనకు ఈ రూపంలోనే ఇస్తుంది కనుక రెండు తేదీలనూ ఇలాగే వాడదాం. ఒకదాంట్లోంచి మరొకటి తీసివేస్తే తేడా మిల్లీసెకన్లలో వస్తుంది. రోజుకు 8,64,00,000 మిల్లీసెకన్లు. దాంతో భాగిస్తే రోజులు వచ్చేస్తాయి. కోడులో రాసేటప్పుడు ఆ అంకెను కామాలు లేకుండా రాయాలి.

మూడో మెట్టు: అంకెను పలక మీద చోటుగా మార్చడం

ఎస్‌వీజీ అంటే బొమ్మను చుక్కలు చుక్కలుగా కాక, గీతలుగా, వృత్తాలుగా వర్ణించే పద్ధతి. అందుకే ఎంత పెద్దది చేసినా బొమ్మ మసకబారదు. మన పలక 900 వెడల్పు, 440 ఎత్తు అనుకుందాం.

నిరూపక జ్యామితిలో మూలబిందువు కింద ఎడమ పక్కన వేసుకుని, పైకి వెళ్ళేకొద్దీ అంకె పెరుగుతుందని నేర్చుకున్నాం. తెర మీద లెక్క వేరు. మూలబిందువు పైన ఎడమ మూలలో ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ అంకె పెరుగుతుంది. నోటు పుస్తకంలో పైనుంచి కిందికి రాస్తాం కదా, అలా. కాబట్టి నిలువు కొలతను తిరగెయ్యాలి.

ఎడమ అంచున 60, పైన 20 వదిలేద్దాం. రోజుకు 4 కొలతల చొప్పున ఇస్తే 200 రోజులకు 800 పడుతుంది. పేజీకి అర కొలత చొప్పున 720 పేజీలకు 360 పడుతుంది. గ్రాఫు అడుగు 380 దగ్గర ఉంటుంది.

అడ్డం = (రోజు) => 60 + రోజు * 4
నిలువు = (పేజీలు) => 380 - పేజీలు * 0.5

ఇవి రెండు చిన్న ఫంక్షన్లు. బాణం గుర్తుకు ఎడమవైపు ఉన్నది మనం ఇచ్చేది, కుడివైపు ఉన్నది అది తిరిగి ఇచ్చేది. డెబ్భయ్యో రోజు చుక్కను సరిచూద్దాం. అడ్డం 60 + 280 = 340. నిలువు 380 - 131 = 249. అదే రోజు గీత ఎత్తు 380 - 140 = 240. చుక్క అంకె పెద్దది కనుక గీత కన్నా కింద పడుతుంది. వెనకబడిన చుక్క కిందే కనబడాలి కాబట్టి లెక్క సరిగ్గా ఉంది.

నాలుగో మెట్టు: గియ్యడం

గీతకు ఎస్‌వీజీలో పాలీలైన్ అనే వస్తువు ఉంది. దానికి బిందువుల జతలు వరసగా ఇస్తే కలుపుకుంటూ పోతుంది. ఇక్కడ ఫిల్ అనే గుణానికి "నన్" అని తప్పక ఇవ్వాలి. ఇవ్వకపోతే మలుపులున్న గీతకూ, దాని రెండు కొనలను కలిపే రేఖకూ మధ్య ప్రదేశాన్ని నల్లగా నింపేస్తుంది. గీత రంగును స్ట్రోక్ అనే గుణంతో ఇస్తాం.

చుక్కకు సర్కిల్ అనే వస్తువు. దానికి కేంద్రం, వ్యాసార్థం చెప్పాలి. వ్యాసార్థం 7 పెడితే ఫోనులో వేలితో తాకడానికి వీలుగా ఉంటుంది. ముందున్న చుక్కకు ఆకుపచ్చ, వెనకున్న చుక్కకు ఎరుపు వెయ్యాలని అనిపిస్తుంది కానీ ఆ రెండు రంగుల తేడా కొందరి కళ్ళకు తెలియదు. గీత మీద, పైన ఉన్నవి నిండు చుక్కలుగా, కింద ఉన్నవి నీలం అంచుతో తెల్ల చుక్కలుగా వేద్దాం. అప్పుడు నలుపు తెలుపు ప్రింటులో కూడా తేడా తెలుస్తుంది.

ఏ రోజైనా గీత ఎక్కడ ఉందో తెలియడానికి ఒక సూత్రం కావాలి. ఆ రోజు ఏ రెండు బిందువుల మధ్య పడుతుందో చూసి, మొదటి బిందువును ర1, ప1 అని, రెండోదాన్ని ర2, ప2 అని పిలిస్తే:

విలువ = ప1 + (ప2 - ప1) * (రోజు - ర1) / (ర2 - ర1)

తొమ్మిదో తరగతిలో చదివే సరళరేఖే ఇది. ఈ పనులన్నిటినీ "గియ్యి" అనే ఒకే ఫంక్షనులో పెడదాం. అది పలకను పూర్తిగా తుడిచి, అక్షాలు, గీత, చుక్కలు మళ్ళీ గీస్తుంది. అంకె మారిన ప్రతిసారీ దాన్నే పిలిస్తే సరి. పాత బొమ్మలో ఏ ముక్క మార్చాలా అని వెతుక్కోనక్కర లేదు.

అయిదో మెట్టు: మాట్లాడే గ్రాఫు

గోడకు అంటించిన గ్రాఫు కాగితం అడిగితే జవాబు చెప్పదు, ఇది చెబుతుంది. పలక మొత్తానికి ఒకే ఒక క్లిక్ ఈవెంటు పెట్టి, ఏ చుక్క మీద నొక్కారో చూసుకుందాం. చుక్క గీసేటప్పుడే దాని వరస సంఖ్యను డేటా గుణంగా రాసిపెడితే గుర్తుపట్టడం సులువు. నొక్కగానే గ్రాఫు కింద "70వ రోజు: 262 పేజీలు. గీత 280. ఇంకా 18 చదవాలి" అని కనబడాలి.

"చేర్చు" బొత్తాం దగ్గర ఒక వింత జరుగుతుంది. పెట్టెలో రాసిన అంకె మనకు అంకెగా రాదు, అక్షరాలుగా వస్తుంది. అక్షరాల మధ్య కూడిక గుర్తు పెడితే జావాస్క్రిప్ట్ కూడదు, పక్కపక్కన అతికిస్తుంది. 262కు 5 కలిపితే 267 రావాలి, 2625 వస్తుంది! తెలుగు వ్యాకరణంలో సంధి చేసినట్టు రెంటినీ కలిపేస్తుందన్నమాట. కూడిక కావాలంటే పెట్టెలోని విలువను ముందు నంబర్ అనే ఫంక్షనుతో అంకెగా మార్చాలి.

ఆ తరువాత కొత్త చుక్కను జాబితాలో చేర్చి, రోజుల వరసలో పేర్చి, దాచి, "గియ్యి"ని పిలవాలి. దాచడానికి బ్రౌజరులో లోకల్ స్టోరేజ్ అనే అర ఉంది. అందులో అక్షరాలే నిలుస్తాయి కాబట్టి జాబితాను జేసన్ రూపంలోకి మార్చి దాచాలి, తెరిచినప్పుడు తిరిగి జాబితాగా మార్చుకోవాలి.

ఈ అర ఆ కంప్యూటరులో, ఆ బ్రౌజరులో మాత్రమే ఉంటుంది. బ్రౌజరు డేటా తుడిచేస్తే పోతుంది. బడి ల్యాబులో దాచింది ల్యాబులోనే మిగిలిపోతుంది. మనలాంటి వాళ్ళకు ఇది చాలా ముఖ్యం. అందుకే పేజీ అడుగున పెద్ద రాత పెట్టె ఒకటి పెట్టి, జేసన్ అక్షరాలను అందులో చూపిద్దాం. నెలకోసారి వాటిని కాపీ చేసి పెన్‌డ్రైవులోనో, ఇంట్లో వాళ్ళ ఈమెయిలులోనో భద్రం చెయ్యండి. కొత్త ఊళ్ళో అవే అక్షరాలను పెట్టెలో అతికించి "తెరువు" నొక్కితే గ్రాఫు మళ్ళీ ప్రత్యక్షమయ్యేలా ఇంకో బొత్తాం రాసుకోండి. టీసీ, మార్కుల జాబితా పెట్టుకునే ఫైలులో ఈ అక్షరాల ప్రింటు ఒకటి ఉన్నా చాలు.

ఆరో మెట్టు: బదిలీ వచ్చినప్పుడు గీతను మలచడం

ఈ పాఠం మొత్తానికి ప్రాణం ఇక్కడ ఉంది. మన అమ్మాయి ఇంట్లో 60వ రోజున బదిలీ సంగతి తెలిసింది. 70వ రోజున, అంటే సెప్టెంబరు 9న సామాను కట్టడం మొదలవుతుంది. 90వ రోజుకు, సెప్టెంబరు 29కి, కొత్త ఊళ్ళో కుదురుకుంటారు. ఈ ఇరవై రోజులూ పుస్తకం తెరవడం కుదరదు.

గీతను మార్చకపోతే ఏమవుతుందో చూడండి. 90వ రోజున గీత 360 దగ్గర ఉంటుంది, అమ్మాయి 262 దగ్గరే ఉంటుంది. 98 పేజీల లోటు. మిగిలిన 90 రోజుల్లో 458 పేజీలు, అంటే రోజుకు అయిదుకు పైన చదవాలి. కొత్త బడి, కొత్త స్నేహితులు, బహుశా ఇంకో కొత్త భాష కూడా ఉన్న సమయంలో ఈ బరువు చూడగానే చాలామంది ఆపేస్తారు.

చుక్కలన్నీ చెరిపేసి మొదటినుంచి మొదలుపెడితే? చదివిన 262 పేజీలు లెక్కలోంచి పోతాయి. అదీ అన్యాయమే.

గీతను మలచడం మూడో దారి.

గీత = [[0, 0], [70, 280], [90, 280], [200, 720]]

70 నుంచి 90 వరకు గీత అడ్డంగా చదునుగా పోతుంది. ఆ ఇరవై రోజులూ ఎవరూ ఏమీ అడగరు. 90 నుంచి మళ్ళీ రోజుకు నాలుగు పేజీల పాత వాలే. లక్ష్యం అదే 720, చేరే రోజు మాత్రం 180 నుంచి 200కు, అంటే 2026 జనవరి 17కు జరిగింది. పాలీలైన్‌కు ఇచ్చే బిందువులు ఇలా ఉంటాయి: 60,380 340,240 420,240 860,20. గ్రాఫు కాగితం మీద మీరే వేసి చూసుకోండి, మధ్యలో మెట్టు ఉన్న కొండలా కనబడుతుంది.

ఇందులో ఒక సంగతి గమనించారా? చదును భాగం 262 దగ్గర లేదు, 280 దగ్గర ఉంది. బదిలీ మాఫీ చేసేది ఆ ఇరవై రోజులనే. అంతకు ముందు మన బద్ధకం వల్ల పడ్డ పద్ధెనిమిది పేజీల బాకీ అలాగే ఉంటుంది. కానీ 98 పేజీల కొండను చూసి కూర్చుండిపోవడం వేరు, 18 పేజీల గుట్టను ఎక్కడం వేరు. 120వ రోజున గీత విలువ సూత్రం ప్రకారం 280 + 440 * 30 / 110, అంటే 400. ఆ రోజుకు అమ్మాయి 405 పేజీల దగ్గర ఉందనుకోండి. ముప్ఫై రోజుల్లో 143 పేజీలు, రోజుకు అయిదు లోపే. బాకీ తీరింది, చుక్క నిండుగా మారింది.

గీత ఇలా వంగుతుందని తెలిస్తే ప్రతి ఆదివారం దాన్ని వంచెయ్యాలని అనిపించదా? అనిపిస్తుంది. చదవడం మంచిదని తెలుసు, అయినా చదవం. తెలిసి తెలిసీ మంచిని వాయిదా వేసే ఈ గుణాన్ని పాత గ్రీకు తాత్త్వికులు అక్రేసియా అన్నారు. బీమైండర్ అనే లక్ష్యాల సేవలో దీనికి ఒక చక్కని కట్టడి ఉంది: లక్ష్యాన్ని తేలిక చేసే మార్పు ఏదైనా ఒక వారం తరువాతే అమల్లోకి వస్తుంది. ఈ రోజు బద్ధకం ఈ రోజు గీతను వంచలేదు. మనమూ మలుపు చేర్చే చోట ఈ షరతు పెడదాం.

సరే = మలుపురోజు >= ఈరోజు + 7

సరే నిజమైతేనే మలుపును గీతలో చేర్చాలి. మన అమ్మాయి 60వ రోజున అడిగింది, మలుపు 70వ రోజున. 67 దాటింది కనుక చెల్లుతుంది. కొత్త ఊళ్ళో ఇల్లు దొరకడం ఆలస్యమయ్యేలా ఉంటే చదును భాగాన్ని ఇంకా పొడిగించవచ్చు, అదీ ఒక వారం ముందే. ఉత్తర్వు హఠాత్తుగా వచ్చి రెండు రోజుల్లో బయలుదేరాల్సి వస్తే మొదటి వారం పేజీలు బాకీగా పడతాయి. అవి మహా అయితే 28. కొత్త ఊళ్ళో రోజుకు ఒక పేజీ ఎక్కువ చదివితే నెల తిరక్కుండా తీరిపోతాయి.

సిద్ధంగా దొరికే గ్రాఫులు ఉండగా ఇదంతా ఎందుకు?

చార్ట్ జేఎస్, డీ3 లాంటి ఉచిత లైబ్రరీలు ఉన్నాయి. చార్ట్ జేఎస్‌ను ఒక స్క్రిప్టు ట్యాగుతో పేజీలోకి తెచ్చి, రకం "లైన్" అని చెప్పి, లక్ష్యానికి ఒక వరస, చేసిన పనికి ఒక వరస ఇస్తే రెండు గీతలు వచ్చేస్తాయి. పెద్ద తరగతులవారు తప్పక ప్రయత్నించండి. ఒక్క జాగ్రత్త. అందులో అడ్డం అక్షానికి పేర్ల జాబితా ఇస్తే, ఆ పేర్ల మధ్య దూరం ఎప్పుడూ సమానంగా ఉంటుంది. 69వ రోజుకూ 70వ రోజుకూ మధ్య ఎంత ఎడమో, 70కీ 90కీ మధ్య కూడా అంతే ఎడం. మన ఇరవై రోజుల బదిలీ ఒక్క రోజులా కుదించుకుపోతుంది. ఆ అక్షాన్ని "లీనియర్" రకంగా మార్చి, ప్రతి చుక్కకూ రోజు, పేజీలు రెండూ ఇస్తే దూరాలు నిజమైనవిగా వస్తాయి.

విరామాన్ని దాచే గ్రాఫు మనకు వద్దు. ఏ ఊరినుంచి ఏ ఊరికి వచ్చామో, మధ్యలో ఎన్నాళ్ళు ఆగామో, మళ్ళీ ఎక్కడ అందుకున్నామో అన్నీ కనబడాలి. పదో తరగతి వరకు ఈ ఫైలు నిలిస్తే అందులో రెండో మూడో చదును మెట్లు ఉంటాయి. ప్రతి మెట్టు తరువాత గీత మళ్ళీ పైకి పోతూ ఉంటుంది. మన బాల్యం ఆకారమే అది.

అభ్యాసం

1. పై కొలతల ప్రకారం 14వ రోజు, 52 పేజీల చుక్క పలక మీద ఎక్కడ పడుతుంది? గీతకు పైనా, కిందా?

2. కొత్త గీత ప్రకారం 145వ రోజుకు ఎన్ని పేజీలు కావాలి? సూత్రంతో కనుక్కోండి. జవాబు 500 వస్తే మీ లెక్క సరైనదే.

3. వేసవి సెలవులకు మీ లక్ష్యాన్ని రెండు బిందువుల గీతగా రాయండి. ఇంట్లో పెళ్ళి వల్ల 8 రోజులు చదవడం కుదరదు అనుకుని ఆ గీతను నాలుగు బిందువులుగా మార్చండి. చేరే తేదీ ఎంత జరిగింది?

4. ఒకే తేదీకి రెండుసార్లు "చేర్చు" నొక్కితే మీ పేజీ ఏం చెయ్యాలి? పాతదాని స్థానంలో కొత్తది రావాలా, రెండూ కూడాలా? మీ నిర్ణయానికి కారణం మూడు తెలుగు వాక్యాల్లో రాయండి.

5. ఈ పత్రికలో మీకు నచ్చిన తెలుగు కథ ఒకటి చదివి, ఆ పేజీలను మీ గ్రాఫులో మొదటి చుక్కగా వెయ్యండి.